చైనాలో భాషా కోర్సుకు వెళ్తున్నారా? మొదటి 24 గంటలు, 30 రోజుల్లో ఏం చేయాలంటే..

చైనీస్ నేర్చుకునేందుకు ఎక్స్ఛేంజ్ కోర్సులో సీటు వచ్చింది. పాస్‌పోర్టులో వీసా పడింది. ఇక మిగిలింది తరగతులే అనుకుంటారు చాలామంది. కానీ చైనాలో అడుగుపెట్టగానే రెండు గడువులు మొదలవుతాయి. ఒకటి 24 గంటలు, రెండోది 30 రోజులు. మొదటిది తప్పితే రెండో పనికీ చిక్కులొస్తాయి. నూజివీడు లాంటి ఊళ్ల నుంచి తొలిసారి దేశం దాటే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన వివరాలివి.

మీ వీసా ఏ రకం?

చదువు 180 రోజులు దాటితే ఎక్స్1, అంతకు తక్కువైతే ఎక్స్2 వీసా ఇస్తారు. ఎక్స్2పై వెళ్లినవారు వీసాలో రాసిన రోజుల్లోపు తిరిగి రావాలి. ఎక్స్1 మాత్రం దేశంలోకి వెళ్లడానికే. అక్కడ ఉండటానికి విడిగా రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలి. వర్సిటీ పంపిన అడ్మిషన్ లెటర్, జేడబ్ల్యూ201 లేదా 202 పత్రం, వైద్య పరీక్షల రిపోర్టుల ఒరిజినల్స్‌ను చేతి బ్యాగులోనే ఉంచుకోండి. అక్కడ మళ్లీ అడుగుతారు.

24 గంటల్లో పోలీసు నమోదు

2013 జులై 1 నుంచి అమల్లో ఉన్న చైనా వలస చట్టం ప్రకారం, ప్రతి విదేశీయుడి బస వివరాలు స్థానిక పోలీసుల దగ్గర నమోదు కావాలి. హోటల్లో దిగితే ఆ పని హోటల్ సిబ్బందే చేస్తారు. వేరేచోట ఉంటే 24 గంటల్లోపు మీరు గానీ, మీకు బస ఇచ్చినవారు గానీ పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించాలి. తప్పితే హెచ్చరిస్తారు, 2,000 యువాన్ల వరకు జరిమానా కూడా వేయొచ్చు. మన డబ్బులో అది 20 వేలకు పైమాటే.

చాలామంది పొరబడేది ఇక్కడే. రాత్రివేళ దిగి, ఆ ఒక్క రోజు హోటల్లో ఉండి, మర్నాడు హాస్టల్‌కు మారతారు. హోటల్ చేసిన నమోదు ఆ హోటల్‌కే పరిమితం. హాస్టల్‌కు మారాక మళ్లీ నమోదు కావాలి. వర్సిటీ విదేశీ విద్యార్థుల కార్యాలయం ఆ పని చేస్తుందా, మీరే స్టేషన్‌కు వెళ్లాలా అన్నది బయలుదేరేముందే మెయిల్‌లో అడగండి. నమోదైనట్టు ఇచ్చే కాగితాన్ని భద్రపరచండి.

30 రోజుల్లో పర్మిట్

ఎక్స్1 వీసాపై వెళ్లినవారు 30 రోజుల్లోపు పోలీసు శాఖకు చెందిన ఎగ్జిట్-ఎంట్రీ కార్యాలయంలో రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. పైన చెప్పిన పోలీసు నమోదు కాగితం ఇక్కడే అవసరమవుతుంది. ఏడాది లోపు పర్మిట్‌కు ఫీజు 400 యువాన్లు. పరిశీలన కోసం పాస్‌పోర్టును వాళ్లే ఉంచుకుని రసీదు ఇస్తారు. అందుకే పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు ముందే తీసి పెట్టుకోండి. పర్మిట్ చేతికి వచ్చేదాకా చైనా దాటి వెళ్లే ప్రయాణాలు పెట్టుకోవద్దు.

గడువు దాటి ఉంటే రోజుకు 500 యువాన్ల చొప్పున, గరిష్ఠంగా 10 వేల యువాన్ల జరిమానా పడుతుంది. 5 నుంచి 15 రోజుల నిర్బంధానికీ చట్టంలో వీలుంది.

ఇంటికి ఫోన్ ఎలా?

చైనాలో వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ పనిచేయవు. అక్కడ అందరూ వాడే వీచాట్‌ను మన దేశం 2020 జూన్‌లో నిషేధించింది. అంటే పిల్లల దగ్గర ఉండే యాప్ ఇంట్లో ఉండదు, ఇంట్లో ఉన్నది అక్కడ తెరుచుకోదు. ఈ సంగతి తెలియకే మొదటి రెండు, మూడు రోజులు ఇంట్లోవాళ్లు కంగారు పడతారు.

మన సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ వేయించుకోవడం ఇందుకు సులువైన దారి. రోమింగ్ డేటా మన ఆపరేటర్ నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంది కాబట్టి సాధారణంగా వాట్సాప్ నడుస్తుంది. బ్యాంకు ఓటీపీలూ అందుతాయి. దిగగానే మామూలు కాల్ ఒకటి చేయాలని, చైనా మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. అనువాద యాప్‌లో చైనీస్ ఆఫ్‌లైన్ ప్యాక్‌ను ఇక్కడే డౌన్‌లోడ్ చేసుకోండి. హాస్టల్ చిరునామాను చైనీస్ లిపిలో ప్రింట్ తీసుకోండి. ట్యాక్సీ డ్రైవర్‌కు ఇంగ్లిష్ చిరునామా చూపిస్తే అర్థం కాకపోవచ్చు.

డబ్బు, లగేజీ

అక్కడ టీ కొట్టు దగ్గర కూడా అలీపే, వీచాట్ పే క్యూఆర్ కోడ్‌లే ఉంటాయి. వాటికి విదేశీ వీసా, మాస్టర్ కార్డులను లింక్ చేసుకోవచ్చు. మీ కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలను ఇక్కడే ఆన్ చేయండి. మొదటి వారానికి సరిపడా యువాన్ల నోట్లూ దగ్గర ఉంచుకోండి.

జూన్‌లో వేసవి కోర్సులకు బయలుదేరేవారి సంచిలో ఇంట్లోవాళ్లు నాలుగు రసాలు సర్దడం మామూలే. కానీ ప్రయాణికులు తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాలు తీసుకురావడాన్ని చైనా నిషేధించింది. మాంసంతో చేసిన పచ్చళ్లు, వెన్న లాంటి పాల ఉత్పత్తులకూ అనుమతి లేదు. గన్నవరం నుంచి చైనాకు నేరుగా విమానం లేదు కాబట్టి మధ్యలో మారాలి. దిగాక కస్టమ్స్ తనిఖీలో పట్టుబడితే వాటిని అక్కడే తీసేసుకుంటారు.

ఆపద వస్తే..

పోలీసులకు 110, అగ్నిమాపక శాఖకు 119, అంబులెన్స్‌కు 120. బీజింగ్‌లో భారత రాయబార కార్యాలయం, షాంఘై, గ్వాంగ్‌జౌలలో కాన్సులేట్లు ఉన్నాయి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో విద్యార్థుల నమోదుకు ప్రత్యేక విభాగం ఉంది. చిరునామా ఖరారైన రోజే అందులో వివరాలు నింపండి.

ఇది ఎందుకంటే, కరోనా మొదలైనప్పుడు 2020 ఫిబ్రవరి 1, 2 తేదీల్లో ఎయిరిండియా రెండు విమానాల్లో వుహాన్ నుంచి 647 మంది భారతీయులను తీసుకొచ్చింది. వారిలో ఎక్కువమంది విద్యార్థులే. శిక్షణ కోసం వెళ్లిన తెలుగు ఇంజినీర్లూ ఉన్నారు. అలాంటి సమయంలో ఎవరు ఎక్కడున్నారో రాయబార కార్యాలయానికి తెలిసి ఉంటేనే సాయం త్వరగా అందుతుంది.