మెరుగు పెడితే మారిపోతుందా?

రెజీనా స్పెక్టర్ 1980లో మాస్కోలో పుట్టింది. 1989లో ఆ కుటుంబం న్యూయార్కు చేరినప్పుడు ఇంట్లోని పియానో అక్కడే ఉండిపోయింది. కొత్త ఊళ్ళో ఆ పిల్ల యూదుల ప్రార్థనా మందిరం నేలమాళిగలో ఉన్న పియానో మీద సాధన చేసుకుంది.

పెద్దయ్యాక తన పాటలు తనే రాసి పాడింది. ఆ పాడటమూ విడ్డూరమే! ఒక చేత్తో పియానో, రెండో చేత్తో పుల్ల పుచ్చుకుని కుర్చీ మీద దరువు. 2002 నాటి "సాంగ్స్" ఆల్బమైతే అంతకుముందు క్రిస్మస్ నాడు ఒక్కరోజులో రికార్డు చేసిందే.

2006లో "బిగిన్ టు హోప్" వచ్చింది. నిర్మాత డేవిడ్ కాన్ చేతిలో పాటలు నునుపుదేలాయి, డ్రమ్ములూ ఎలక్ట్రానిక్ ధ్వనులూ చేరాయి. అమెరికా పట్టికలో 20వ స్థానం దాకా ఎక్కింది. మొదటి నుంచీ వింటున్నవాళ్ళలో కొందరు మాత్రం, నగలెక్కువై పిల్ల ముఖం కనబడటం లేదన్నట్టు నొచ్చుకున్నారు. కొత్తవాళ్ళేమో ఆ నగలు చూసే దగ్గరికొచ్చారు.

తమాషా ఏమిటంటే, "శాంసన్" పాట రెండు ఆల్బముల్లోనూ ఉంది. రెండోసారీ అందులో పియానోదే పెత్తనం. మరి అలక దేనికంటారా? పదిమందే ఎరిగిన పాట ఊరందరిదీ అయిపోయినందుకేమో! పెంచిన పిల్ల పదిమందిలో మెరుస్తుంటే తల్లికి సంతోషమే. అయినా గుండెలో ఓ మూల కలుక్కుమనదూ?