ఫిగర్ స్కేటింగ్‌లో ఆదివాసీ నృత్య వివాదం (2010)

ఫిగర్ స్కేటింగ్‌లో ఆదివాసీ నృత్య వివాదం అనేది 2010 వాంకోవర్ శీతాకాల ఒలింపిక్ క్రీడల సమయంలో రష్యాకు చెందిన ఐస్ డ్యాన్స్ జంట ఒక్సానా డోమ్నినా, మాక్సిమ్ షబాలిన్ ప్రదర్శనపై చెలరేగిన వివాదం. ఆస్ట్రేలియా మూలవాసుల నృత్యంగా చెప్పబడిన ఈ అంశంలోని వేషధారణ, ముఖంపై రంగులు, సంగీతం తమ సంస్కృతిని అవహేళన చేసేవిగా ఉన్నాయని ఆ దేశపు మూలవాసి నాయకులు అభ్యంతరం తెలిపారు. ఒక జాతి నృత్యాన్ని మరొక జాతి వారు పోటీ వేదికపై ప్రదర్శించడంలో హద్దులు ఏమిటి అన్న చర్చకు ఫిగర్ స్కేటింగ్‌లో ఇది ముఖ్యమైన ఉదాహరణగా నిలిచింది. అదే పోటీలో అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ హిందీ సినిమా పాటలకు చేసిన నృత్యం ప్రశంసలు అందుకోవడం వలన ఈ రెండింటినీ పోల్చి చూడడం పరిపాటి అయింది.

నేపథ్యం

ఫిగర్ స్కేటింగ్‌లో పురుషుల విభాగం, మహిళల విభాగం, జంటల విభాగం, ఐస్ డ్యాన్స్ అని నాలుగు విభాగాలు ఉన్నాయి. వీటిలో ఐస్ డ్యాన్స్ 1976 ఇన్స్‌బ్రుక్ క్రీడలలో ఒలింపిక్ అంశమయింది. ఇందులో పెద్ద గెంతులు, తలపైకి విసిరి ఎత్తడాలు ఉండవు. లయకు తగిన అడుగులు, ఇద్దరి మధ్య పొందిక, సంగీత భావాన్ని పలికించడం దీనికి ప్రధానం. అందువలన ఏ సంగీతాన్ని ఎన్నుకున్నారు, ఏ వేషం వేశారు అన్నది మిగిలిన విభాగాల కంటే ఇక్కడ ఎక్కువ ప్రాముఖ్యం పొందుతుంది.

2010 వరకు ఈ పోటీ మూడు భాగాలుగా జరిగేది. మొదటిది అందరూ ఒకే విధమైన అడుగులు వేసే కంపల్సరీ డ్యాన్స్, రెండవది ఒరిజినల్ డ్యాన్స్, మూడవది ఫ్రీ డ్యాన్స్. ఒరిజినల్ డ్యాన్స్‌కు ఏ లయ, ఏ ఇతివృత్తం తీసుకోవాలో ప్రతి సంవత్సరం అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం నిర్ణయించేది. 2007-08లోను, మళ్ళీ 2009-10లోను నిర్ణయించిన ఇతివృత్తం జానపద నృత్యం. ఏ దేశపు జానపదాన్ని తీసుకోవాలన్నది జంటల ఇష్టానికే వదిలివేశారు. సొంత దేశపు నృత్యాన్నే తీసుకోవాలన్న నియమం లేదు. కెనడా జంట టెస్సా వర్చూ, స్కాట్ మోయిర్ స్పెయిన్ ఫ్లమెంకోను ఎన్నుకున్నారు. అమెరికాకు చెందిన టానిత్ బెల్బిన్, బెన్ అగోస్టో మోల్దోవా నృత్యం చేశారు. ఐరోపా జానపదాలు ఈ క్రీడలో చాలాకాలంగా వాడుకలో ఉండి అందరికీ అలవాటైనవి కనుక వాటిపై ఎవరికీ అభ్యంతరం రాలేదు. అందరూ చేసేవాటికి భిన్నంగా కనిపించాలన్న ఆరాటంతో దూరపు జాతుల వైపు చూసినప్పుడే చిక్కులు మొదలయ్యాయి.

ఇటువంటి ప్రయత్నం అదే మొదటిది కాదు. 1988 కాల్గరీ క్రీడలలో ఫ్రాన్స్ తరఫున పోటీ చేసిన అన్నాచెల్లెళ్ళు పాల్, ఇసబెల్ డుషెనే డప్పుల మోతతో కూడిన ఆటవిక నృత్యాన్ని ప్రదర్శించారు. దానిని కూర్చినవాడు 1984 ఒలింపిక్ విజేత క్రిస్టఫర్ డీన్. ప్రేక్షకులు మెచ్చుకున్నా వారికి ఎనిమిదవ స్థానమే దక్కింది. అయితే ఆనాటి చర్చ అంతా అది బాల్‌రూమ్ సంప్రదాయానికి కట్టుబడిందా లేదా అన్నదే తప్ప, అందులో ఎవరి నృత్యాన్ని చూపుతున్నారు అన్నది కాదు.

నృత్యం, వేషధారణ

డోమ్నినా, షబాలిన్ 2009లో లాస్ ఏంజెలెస్‌లో ప్రపంచ విజేతలయ్యారు. షబాలిన్ మోకాలి గాయంతో చాలాకాలం బాధపడ్డాడు. 2008 నుండి వీరు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో నతాలియా లినిచుక్, గెన్నాడి కార్పొనోసోవ్‌ల వద్ద శిక్షణ పొందారు. ఈ శిక్షకులిద్దరూ 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్ తరఫున ఐస్ డ్యాన్స్‌లో స్వర్ణ పతకం సాధించినవారు.

జనవరి 2010లో ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో జరిగిన ఐరోపా ఛాంపియన్‌షిప్ పోటీలలో ఈ నృత్యం ప్రపంచం దృష్టికి వచ్చింది. ఒంటిని అంటిపెట్టుకున్న ముదురు గోధుమ రంగు దుస్తులు, వాటిపై తెల్లని గీతలు, నడుముకు ఎర్రని గోచీ వంటి గుడ్డ, అక్కడక్కడ ఆకులు, ముఖంపై తెల్లని రంగు వారి వేషం. దుస్తుల రంగు చర్మపు రంగుగా కనిపించేలా ఉండడం వలన, నల్లజాతివారిని వెక్కిరించడానికి తెల్లవారు ముఖానికి మసి పూసుకొనే పాత అమెరికా నాటక సంప్రదాయం చాలామందికి గుర్తుకు వచ్చింది. పోటీలో మాత్రం ఈ జంటే ఐరోపా విజేతగా నిలిచింది.

అభ్యంతరాలు

న్యూ సౌత్ వేల్స్ మూలవాసుల భూమి మండలి అధ్యక్షురాలు బెవ్ మాంటన్ ఈ నృత్యం తమవారిని నొప్పించేదిగా ఉందని పత్రికాముఖంగా తెలిపింది. ఆ మండలికే చెందిన సోల్ బెల్లియర్ కూడా తీవ్రంగా విమర్శించాడు. అడుగులు తమ నృత్యాలకు సంబంధించినవి కావని, ఒంటిపై గీతలకు ఏ అర్థమూ లేదని, తమను సంప్రదించకుండానే తమ పేరు వాడుకున్నారని విమర్శల సారాంశం.

ఈ అభ్యంతరాలను అర్థం చేసుకోవడానికి ఆస్ట్రేలియా మూలవాసుల సంప్రదాయం గురించి కొంత తెలుసుకోవాలి. ఐరోపావారు వచ్చి స్థిరపడే నాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలు ఉండేవి. వీరందరికీ కలిపి "ఆదివాసీ నృత్యం" అనే ఒకే నృత్యం లేదు. డిజెరిడూ అనే పొడవైన కొయ్య వాద్యం కూడా నిజానికి ఉత్తర ప్రాంతాలవారిది, ఖండమంతటిదీ కాదు. అన్నిటికంటే ముఖ్యమైన విషయం, ఒంటిపై దిద్దుకొనే గుర్తులు కేవలం అలంకారాలు కావు. ఫలానా గుర్తు ఫలానా వంశానికి, ఫలానా నేలకు, ఆ నేల పుట్టుక గురించిన గాథకు చెందినది. దానిని ఎవరు దిద్దుకోవచ్చు, ఎప్పుడు దిద్దుకోవచ్చు, ఎవరికి చూపవచ్చు అనే కట్టుబాట్లు ఉన్నాయి. అనుమతి లేకుండా దానిని వాడుకొనడం మర్యాద తప్పడం మాత్రమే కాదు, ఒకరి సొత్తును తీసుకొనడంతో సమానం.

ఆస్ట్రేలియా న్యాయస్థానాలు కూడా ఈ భావనను కొంతవరకు గుర్తించాయి. మూలవాసి చిత్రకారుల చిత్రాలను అనుమతి లేకుండా తివాచీలపై నేయించి అమ్మిన వ్యవహారంలో 1994లో ఫెడరల్ కోర్టు చిత్రకారుల పక్షాన తీర్పు ఇచ్చి నష్టపరిహారం ఇప్పించింది. 1998 నాటి బులున్ బులున్ కేసులో, వంశపు గాథను చిత్రించిన కళాకారునికి తన వంశం పట్ల ధర్మకర్త వంటి బాధ్యత ఉంటుందని కోర్టు పేర్కొంది. అయితే వంశానికి ఆ చిత్రంపై విడిగా యాజమాన్య హక్కు ఉందన్న వాదనను అంగీకరించలేదు. నృత్యాల విషయంలో ఇంతపాటి రక్షణ కూడా లేదు. మరొక దేశంలో, మంచుపై, రెండున్నర నిమిషాల పాటు జరిగే ప్రదర్శనపై ఆస్ట్రేలియా చట్టం చేయగలిగింది ఏమీ లేదు.

కాలం కూడా ఇక్కడ గమనించదగినది. మూలవాసుల పిల్లలను తల్లిదండ్రుల నుండి బలవంతంగా వేరుచేసిన పాత ప్రభుత్వ విధానానికి ప్రధానమంత్రి కెవిన్ రడ్ 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ తరువాత రెండేళ్ళు తిరగకముందే ఈ నృత్యం టెలివిజన్‌లో కనిపించింది.

ఎవరినీ నొప్పించే ఉద్దేశం తమకు లేదని స్కేటర్లు, శిక్షకులు సమాధానం ఇచ్చారు. ఇంటర్నెట్‌లో సమాచారం సేకరించి నృత్యాన్ని కూర్చుకున్నామని, అది ప్రత్యేకంగా ఆస్ట్రేలియావారిది కాదని, పురాతన మానవుల నృత్యమని వారి వివరణ. ఈ వివరణ విమర్శను తగ్గించకపోగా పెంచింది. సజీవులైన ఒక జాతి వారిని "పురాతన మానవులు"గా చూపడమే విమర్శకులు తప్పుపట్టిన విషయాలలో ఒకటి.

వాంకోవర్ ఒలింపిక్స్

2010 క్రీడలు జరిగిన చోటు ఈ వివాదానికి మరింత ప్రాధాన్యం తెచ్చింది. వాంకోవర్ క్రీడలకు లిల్వాట్, మస్క్వియం, స్క్వామిష్, స్లేవాటూత్ అనే నాలుగు మూలవాసి జాతులు అధికారిక ఆతిథ్య భాగస్వాములుగా ఉన్నాయి. ఒలింపిక్ క్రీడలలో మూలవాసులకు ఇటువంటి హోదా లభించడం అదే ప్రథమం. తమ నేలపై జరిగే క్రీడలలో మరొక ఖండపు మూలవాసుల పేరిట ఈ నృత్యం జరగబోతున్నదని తెలిసి, ఆ జాతుల ప్రతినిధులు రష్యా జంటను కలుసుకొని మాట్లాడారు. వారికి సంప్రదాయ కంబళ్ళు బహూకరించారు. ఇది ఆమోద ముద్ర కాదు, అతిథి మర్యాద. ఆస్ట్రేలియావారి తరఫున క్షమించే అధికారం కెనడా మూలవాసులకు లేదన్న మాట కూడా ఆనాడు వినిపించింది.

ఫిబ్రవరి 21న పసిఫిక్ కొలీజియంలో ఒరిజినల్ డ్యాన్స్ జరిగింది. అప్పటికి ముఖంపై రంగు తీసివేశారు, దుస్తుల రంగును లేతగా మార్చారు. గోచీ, ఆకులు మాత్రం అలాగే ఉన్నాయి. రెండు రోజుల క్రితం కంపల్సరీ డ్యాన్స్‌లో 43.76 పాయింట్లతో మొదటి స్థానంలో ఉన్న జంట ఈ భాగంలో 62.84 పాయింట్లతో మూడవ స్థానం పొందింది. వర్చూ, మోయిర్ 68.41, డేవిస్, వైట్ 67.08 సాధించారు. చివరకు కెనడా జంట 221.57తో స్వర్ణం, అమెరికా జంట 215.74తో రజతం, రష్యా జంట 207.64తో కాంస్యం గెలుచుకున్నాయి. పాయింట్లపై వివాదపు ప్రభావం ఉన్నదా లేదా అన్నది తేల్చడానికి వీలులేదు. షబాలిన్ మోకాలి పరిస్థితి, ఇతర జంటల సామర్థ్యం కూడా లెక్కలోకి తీసుకోవలసినవే. ఈ క్రీడల తరువాత డోమ్నినా, షబాలిన్ పోటీల నుండి తప్పుకున్నారు.

డేవిస్, వైట్‌ల హిందీ సినిమా నృత్యం

మిషిగన్‌కు చెందిన డేవిస్, వైట్ తమ ఒరిజినల్ డ్యాన్స్ కోసం "బంటీ ఔర్ బబ్లీ" (2005)లోని "కజ్‌రారే", "దేవదాస్" (2002)లోని "సిల్‌సిలా యే చాహత్ కా", "డోలా రే డోలా" పాటలను తీసుకున్నారు. ముద్రలు, కంటి చూపు, మెడ కదలిక కోసం భారతీయ నృత్యం తెలిసినవారి వద్ద నేర్చుకున్నారు. భారతీయ దుస్తులను, ఆభరణాలను పోలినవి ధరించారు కాని చర్మపు రంగు మార్చుకోలేదు. భారతీయ ప్రేక్షకులలో ఈ నృత్యానికి మంచి ఆదరణ లభించింది.

ఒకటి మెప్పు పొంది, మరొకటి నింద పొందడానికి కారణం కేవలం శ్రద్ధలోని తేడా అని చాలామంది భావించారు. ఇది పాక్షిక సత్యం మాత్రమే. సినిమా పాట ఎవరి గోత్రానికీ చెందినది కాదు. పెళ్ళి ఊరేగింపులోనో, కళాశాల వార్షికోత్సవంలోనో ఎవరైనా ఆడి పాడడానికే అది తయారవుతుంది. వంశపు కర్మకాండకు చెందిన నృత్యం అటువంటిది కాదు. పైగా "డోలా రే డోలా" స్వయంగా ఎన్నో చేతులు మారిన సరుకు. శరత్ చంద్ర ఛటోపాధ్యాయ బెంగాలీ నవలలో పార్వతి, చంద్రముఖి కలిసి నాట్యం చేసే ఘట్టమే లేదు. 1953లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన తెలుగు "దేవదాసు" చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. ఆ ఘట్టాన్ని హిందీ దర్శకుడు సంజయ్ లీలా భన్సాలీ కల్పించాడు. సరోజ్ ఖాన్ నృత్యం కూర్చింది. అటువంటి పాటను అమెరికావారు మరొక మలుపు తిప్పితే ఎవరికీ దేనినో కోల్పోయినట్లు అనిపించలేదు. భారతదేశంలోని ఒక గిరిజన తెగ పూజా నృత్యాన్ని ఇదే జంట ఎన్నుకొని ఉంటే స్పందన ఇలాగే ఉండేదని చెప్పలేము.

నియమాలు ఏమి చెబుతున్నాయి

స్కేటింగ్ నియమాలు దుస్తుల విషయంలో చాలాకాలంగా ఉన్నాయి. అవి సభ్యంగా, గౌరవప్రదంగా, క్రీడకు తగినట్లుగా ఉండాలని, ఆర్భాటంగా, నాటక వేషంలా ఉండరాదని చెబుతాయి. ఉల్లంఘిస్తే ఒక పాయింటు తగ్గించవచ్చు. 1988 తరువాత మహిళలు స్కర్టు ధరించడం తప్పనిసరి చేశారు, 2004లో ప్యాంటుకు అనుమతి ఇచ్చారు. ఒంటిని ఎంత కప్పాలన్న దానిపై ఇంత పట్టింపు చూపిన నియమాలలో, మరొక జాతి వేషం వేసుకోవడంపై మాత్రం ప్రత్యేకమైన మాట లేదు. న్యాయనిర్ణేతలు అడుగులను, లయను కొలుస్తారు. ఆ నృత్యం ఎవరిది, వారిని అడిగారా అన్నది వారి పట్టికలో లేదు.

2010లో కంపల్సరీ, ఒరిజినల్ డ్యాన్స్‌లను కలిపి షార్ట్ డ్యాన్స్‌గా మార్చారు. 2018-19 నుండి దానిని రిథమ్ డ్యాన్స్ అంటున్నారు. జానపద ఇతివృత్తానికి ఒరిజినల్ డ్యాన్స్‌లో అదే చివరి సంవత్సరం అయింది. ఈ మార్పునకు కారణం వివాదం కాదు, పోటీని కుదించాలన్న ఆలోచన. 2021-22లో వీధి నృత్యాల లయలను ఇతివృత్తంగా నిర్ణయించినప్పుడు, నల్లజాతి అమెరికన్ల సంగీతాన్ని ఎలా వాడుకోవాలన్న ప్రశ్న తిరిగి వచ్చింది. ఆ సంవత్సరం బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన ఫ్రాన్స్ జంట గాబ్రియెలా పపదాకిస్, గియోమ్ సిజెరాన్, 1970లలో లాస్ ఏంజెలెస్ క్లబ్బులలో పుట్టిన వాకింగ్ అనే నృత్యాన్ని ఎన్నుకొని, ఆ రీతిలో నిపుణురాలైన నర్తకితో కలిసి దానిని కూర్చుకున్నారు.

నాజీ మారణహోమం ఇతివృత్తాలు

సంస్కృతికి కాక చరిత్రకు సంబంధించిన వివాదాలు వేరొక కోవకు చెందుతాయి. "షిండ్లర్స్ లిస్ట్" చిత్రానికి జాన్ విలియమ్స్ కూర్చిన సంగీతం స్కేటర్లకు ఎంతో ఇష్టమైనది. 2014 సోచీ క్రీడలలో 15 ఏళ్ళ యూలియా లిప్నిత్‌స్కాయా ఆ చిత్రంలోని ఎర్ర కోటు బాలికను గుర్తుచేసే దుస్తులతో ప్రదర్శన ఇచ్చింది. కొందరికి అది రుచించకపోయినా, చిత్ర దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఆమెకు అభినందన లేఖ పంపాడు. 2016 నవంబరులో రష్యా టెలివిజన్ కార్యక్రమంలో 2006 ఒలింపిక్ విజేత తాత్యానా నావ్‌కా, నటుడు ఆండ్రే బుర్కోవ్‌స్కీ నిర్బంధ శిబిరపు చారల దుస్తులు, పసుపు నక్షత్రం ధరించి నవ్వుతూ నృత్యం చేసినప్పుడు అనేక దేశాలలో నిరసన వ్యక్తమయింది. అది "లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్" అనే ఇటలీ చిత్రం ఆధారంగా చేసినదని, పిల్లలు ఆ కాలం గురించి తెలుసుకోవాలని నావ్‌కా సమర్థించుకుంది. 2019లో అంతోన్ షులెపోవ్ ఒక పక్క ఖైదీ చారలు, పసుపు నక్షత్రం, మరొక పక్క శిబిర కాపలాదారు దుస్తులు కలిపి కుట్టిన వేషం ధరించాడు. 2020లో స్కేటింగ్ సంఘం పురస్కారాలలో ఉత్తమ దుస్తుల జాబితాలో ఆ వేషం కనిపించడంతో విమర్శలు వచ్చాయి. అది పొరపాటున చేరిందని చెప్పి సంఘం విచారం వ్యక్తం చేసింది.