బంతి పట్టినోని చేతికే బ్యాటు

జర దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చలి గట్టిగనే ఉంది. పొద్దుగాల సంది క్రికెట్ క్రికెట్ అని ఒర్రుతనే ఉన్నరు గదా, నేనొక ముచ్చట జెప్త ఇనుండ్రి. పెద్ద జట్టోళ్ల ముచ్చట్లు మీకు నాకంటె ఎక్కువ ఎరుకే. నేను జెప్పేది నేపాల్ ఫాస్ట్ బౌలర్ సోంపాల్ కామి ముచ్చట.

ఆయనకంటె ముంగట మెహబూబ్ ఆలం అని ఒకాయన ఉండె. ఎడమ చేతితోటి ఏసేటోడు. 2008ల జెర్సీ దీవిల మొజాంబిక్ మీద మ్యాచ్. అవతలోళ్లు 19 పరుగులకే ఆలౌట్. పదికి పది వికెట్లు ఈయన ఒక్కనివే, ఇచ్చింది 12 పరుగులు! అయితే అది అయిదో డివిజన్ టోర్నమెంట్. ప్రపంచం సగం సూడనే లేదు. నేపాల్ క్రికెట్ అప్పుడు గంత కిందున్నది మరి.

సోంపాల్ గుల్మీ జిల్లాల పుట్టిండు. 2014 మార్చి 16న చిట్టగాంగ్‌ల నేపాల్ మొదటిసారి టీ20 వరల్డ్ కప్ మ్యాచ్ ఆడింది. గదే సోంపాల్‌కు గూడ మొదటి అంతర్జాతీయ మ్యాచ్. పద్దెనిమిదేండ్ల పోరడు. ఆ దినం హాంకాంగ్‌ను 80 పరుగులతోటి ఓడగొట్టిండ్రు. నాలుగు రోజులకు అఫ్గానిస్తాన్‌ను గూడ ఓడగొట్టిండ్రు.

ఇగ అసలు సంగతికొస్త. చిన్న జట్టుల ఫాస్ట్ బౌలర్ అంటె బంతి ఏసి పోయి నీడకు కూసునేటోడు కాదు బిడ్డా. చిన్న రైతు ఇంట్ల పెద్దకొడుకు అసొంటోడు. దున్నేది ఆయనే, నీళ్లు కట్టేది ఆయనే, బండి కట్టుకొని మార్కెట్‌కు పోయేది ఆయనే.

2018 సూడుండ్రి. నేపాల్ క్రికెట్ బోర్డును ఐసీసీ అంతకు రెండేండ్ల ముంగటే సస్పెండ్ జేసింది. ఇంట్ల పెద్దదిక్కు లేదు, అయినా పోరగాండ్లు ఆడిండ్రు. ఫిబ్రవరిల నమీబియా పోయిండ్రు. విండ్‌హోక్‌ల కెనడా మీద 195 కొట్టాలె. 144కు తొమ్మిది వికెట్లు పడ్డయి. ఇంకో 51 పరుగులు గావాలె, ఉన్నది ఒకటే వికెట్. బ్యాట్ పట్టుకొని నిలబడ్డది ఎవరు? ఇంకో ఫాస్ట్ బౌలర్, కరణ్ కేసీ. అవతల కొసకు సందీప్ లామిచ్చానే. కరణ్ 42 కొట్టి నాటౌట్‌గ మిగిలిండు, ఆఖరి బంతికి నేపాల్ గెలిచింది. ఆ గెలుపుతోటే జింబాబ్వేల వరల్డ్ కప్ క్వాలిఫయర్‌కు తొవ్వ దొరికింది. మార్చి 15న ఆడ పాపువా న్యూగినీని ఓడగొడితె వన్డే హోదా వచ్చింది. కెనడా మీద ఆ రోజు ఒక్క బౌలర్ బ్యాట్ జారితె ఆ హోదా ఏడ ఉండె?

ఆగస్టుల నెదర్లాండ్స్ పోయిండ్రు. మొదటి వన్డే ఓడిపోయిండ్రు. ఆగస్టు 3న ఆమ్‌స్టెల్వీన్‌లనే రెండోది. గప్పుడు మన సోంపాల్ 61 కొట్టిండు. కెప్టెన్ పారస్ ఖడ్కా 51 కొట్టిండు. మొత్తం 216. అవతలోళ్లు 215 కాడ ఆగిపోయిండ్రు. ఒక్క పరుగు తేడాతోటి నేపాల్‌కు మొదటి వన్డే గెలుపు! ఫాస్ట్ బౌలర్ కొట్టిన 61ల ఒక్క పరుగు తక్కువైనా గెలుపు లేదు, రెండు తక్కువైతె ఓటమే.

2023ల ఆసియా కప్. ముల్తాన్‌ల పాకిస్తాన్ 342 కొట్టింది. నేపాల్ 104కే కూలింది. గండ్ల అందరికంటె ఎక్కువ కొట్టింది సోంపాలే, 28. తర్వాత సెప్టెంబర్ 4న పల్లెకెలెల ఇండియా మీద. మన హైదరాబాద్ సిరాజ్ ఆ దినం మూడు వికెట్లు తీసిండు. అయినా నేపాల్ 230 దాక పోయింది. సోంపాల్ 48 కొట్టి షమీ బంతికి కీపర్‌కు క్యాచ్ ఇచ్చిండు. ఇంకో రెండు కొడితె యాభై. తర్వాత ఇండియా ఒక్క వికెట్ పడకుంట గెలిచింది, అది వేరే ముచ్చట.

2024 జూన్ 14, సెయింట్ విన్సెంట్‌ల టీ20 వరల్డ్ కప్ మ్యాచ్. దక్షిణాఫ్రికా 115 కొట్టింది. నేపాల్‌కు ఆఖరి రెండు ఓవర్లల 16 గావాలె. ఆన్రిక్ నోర్కియా అంటె మెరుపు లెక్క ఏసేటోడు. ఆయన బంతిని సోంపాల్ ఎత్తి కొడితె 105 మీటర్ల సిక్స్! ఆఖరి ఓవర్ల ఎనిమిది గావాలె. గుల్సన్ ఝా ఫోర్ కొట్టిండు, రెండు తీసిండు, ఆఖరి బంతికి ఉరికి రనౌట్ అయిండు. ఒక్క పరుగుతోటి ఓటమి. ఆమ్‌స్టెల్వీన్‌ల ఇచ్చిన ఒక్క పరుగును క్రికెట్ తిరిగి గుంజుకున్నది.

రెండు దినాలకు అదే మైదానంల బంగ్లాదేశ్ మీద మ్యాచ్. సోంపాల్ మొదటి బంతికే తంజిద్ హసన్‌ను తన బౌలింగుల తనే పట్టుకున్నడు. బంగ్లాదేశ్ 106కే ఆలౌట్. అయినా నేపాల్ 85 దాటలేదు. బౌలర్లు ఇరగదీసినా బ్యాటర్లు చెయ్యిస్తే ఏం జేస్తం?

గీ మనిషిని ఉత్త వికెట్ల లెక్కతోటి తూకం ఏస్తె తప్పు బిడ్డా. పెద్ద జట్ల బౌలర్‌కు అట్ల సాగుతది, చిన్న జట్టు బౌలర్‌కు సాగది. రేపటి సంది నేపాల్ మ్యాచ్ స్కోర్‌కార్డు సూసినప్పుడు కింద బౌలింగుల ఉన్న పేర్లను పైన బ్యాటింగుల గూడ ఎతుకుండ్రి.