రెండుగా విడిన ట్రాక్టరు

ఎద్దుబండి ఇరుసు చెడినచో చక్రములను తప్పించి ఇరుసును మార్చుదురు. అందులకై బండిని నడుమకు విరుచుట లేదు. కాని పాత ట్రాక్టరులో క్లచ్చి అరిగినచో, మరమ్మతు చేయువారు ముందుగా ఆ యంత్రమును నడుమకు రెండు తునకలుగా విడదీయవలెను. ముందుచక్రములతో ఇంజను ఒకవైపునకును, వెనుకచక్రములతో గేరుపెట్టె వేరొకవైపునకును జరుగును. జానెడు వెడల్పును, వ్రేలి మందమైన లేని పళ్లెమును మార్చుటకు ఇంత ప్రయాస యేల కలిగెను? దాని వెనుక ఒక చరిత్ర కలదు. దానినే మేమిచట మనవి చేయదలచితిమి.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికాలో వెలువడిన ట్రాక్టరులు చాలవరకు ఆవిరియంత్రముల పోలికతో నుండెడివి. ఉక్కు దూలములతో ఒక చట్రమును కట్టి, దానిపై ఇంజనును, గేర్లను వేర్వేరుగా అమర్చెడివారు. చెడిన భాగమును విడిగా పైకెత్తుట కవి అనుకూలమే. కాని అవి మిక్కిలి బరువైనవి, ఖరీదైనవి. మిట్టపల్లముల నేలలో చట్రము మెలితిరిగినప్పుడు గేర్ల పండ్లు సరిగా కలిసెడివి కావు. 1913లో వచ్చిన వాలిస్ కబ్ అను ట్రాక్టరులో ఉక్కు రేకును దోనెవలె వంచి, చట్రముగను గేర్ల పెట్టెగను కూడ వాడిరి. మార్పునకు అది తొలి సూచన.

హెన్రీ ఫోర్డు ఆ మార్గముననే మరింత ముందునకు పోయెను. 1917లో తయారగుట ఆరంభించిన ఫార్డ్‌సన్ ట్రాక్టరును రూపొందించిన వారిలో ముఖ్యుడు యూజీన్ ఫర్కాష్ అను ఇంజనీరు. ఇంజను పెట్టె, గేరుపెట్టె, వెనుక ఇరుసు పెట్టె, ఈ మూడింటిని పోత ఇనుముతో చేసి, ఒకదానికొకటి బోల్టులతో బిగించిరి. వేరే చట్రమే లేదు, పెట్టెలే చట్రమాయెను. ఆనాడు బ్రిటను యుద్ధములో మునిగియుండెను. శత్రువుల జలాంతర్గాములు ఆహారపు నౌకలను ముంచుచుండెను. సేద్యపు గుఱ్ఱములు, కూలీలు యుద్ధరంగమునకు పోయిరి. తొలి ఫార్డ్‌సన్‌లు వేలకొలదిగ ఆ దేశపు పొలములకే చేరెను. 1922 నాటికి అమెరికాలో దీని ధర 395 డాలర్లకు దిగెను. 1919 నుండి ఐర్లండులోని కార్క్ నగరమునను, 1924 నుండి రష్యాలోని లెనిన్‌గ్రాడునందలి పుతిలోవ్ కర్మాగారమునను ఇదే నమూనా తయారాయెను. చట్రము తొలగుటచే ధర తగ్గెను. ధర తగ్గుటచే చిన్నరైతునకు ట్రాక్టరు అందుబాటులోనికి వచ్చెను.

అయితే ఆ పొదుపునకు మరియొక ముఖము కలదు. ఫార్డ్‌సన్‌లో నూనెలో మునిగి తిరుగు అనేక పళ్లెముల క్లచ్చి ఇంజనునకు గేరుపెట్టెకు నడుమ నుండెను. ఇంజనునకు నిప్పురవ్వ నిచ్చు అయస్కాంతములను సైతము ఫ్లైవీలునకే బిగించిరి. కావున క్లచ్చి పట్టు తప్పినను, ఆ అయస్కాంతముల యెదుటనున్న తీగచుట్టలు చెడినను ట్రాక్టరును విడదీయుటయే గతి. 1929లో కార్క్‌లో వెలువడిన తరువాతి నమూనాలో మేగ్నెటోను బయటకు తెచ్చిరి. క్లచ్చి మాత్రము లోపలనే నిలిచెను.

మరియొక మార్గము లేకపోలేదు. 1923 నుండి 1953 వరకు వెలువడిన జాన్ డీర్ డి నమూనాలో ఇంజను ఇరుసు అడ్డముగా నుండి, ఇరుప్రక్కలకు వెలుపలికి వచ్చెడిది. ఎడమప్రక్క ఫ్లైవీలు కంటికి కనబడుచుండెను. దానిని చేతితో త్రిప్పియే ఇంజనును నడిపింపవచ్చును. కుడిప్రక్కనున్న బెల్టు పుల్లీలో క్లచ్చి యుండెను. దానిని సరిచేయుటకు యంత్రమును విడదీయనక్కరలేదు. కాని 1960లో ఆ సంస్థయు రెండు సిలిండర్ల ఇంజనులను వదలి, క్లచ్చిని లోపలికే చేర్చెను. హారీ ఫెర్గూసన్ పేర 1946 నుండి 1956 వరకు ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన బూడిదరంగు టీఈ-20 ట్రాక్టరులు అయిదు లక్షలు మించెను. అవియు పెట్టెలే చట్రముగా గలవే. చట్రము లేని పద్ధతికే లోకమున గెలుపు కలిగెను.

అట్టి ఫెర్గూసన్‌ను విడదీయు తీరును గమనింతము. బ్యాటరీ తీగలను, ఇంధనపు గొట్టమును, స్టీరింగు కడ్డీలను ముందుగా విప్పుదురు. ముందరి ఇరుసు నడుమనున్న ఒక్క చీలపై ఉయ్యెలవలె ఊగును. వెనుక ఆధారము తొలగినంతనే ఇంజను ఒకప్రక్కకు ఒరిగి మనిషిపై పడవచ్చును. కావున ఇరుసునకు ఇంజనునకు నడుమ ఇరువైపుల కొయ్యచెక్కలను గట్టిగా దట్టించి, వెనుకభాగమునకు జాకీలు, దిమ్మెలు పెట్టిన పిదపనే బోల్టులను తీయుదురు. ఈ చెక్కముక్కలే ఇచట ప్రాణరక్షకములు. వీనిని మరచినవానికి ఎంత నేర్పున్నను ప్రయోజనము లేదు.

విడిన పిదప ఫ్లైవీలు ముఖమును పరీక్షింతురు. క్లచ్చి జారిన వేడికి దానిపై నీలిమచ్చలు, సన్నని పగుళ్లు ఏర్పడును. గీతలు స్వల్పమైనచో లేతుపై చెక్కి నునుపు చేయవచ్చును. పగుళ్లు లోతైనచో మార్చక తప్పదు. అనుభవజ్ఞులు పళ్లెముతో పాటు క్లచ్చి బేరింగును, ఇంజను వెనుకనున్న నూనె సీలును గూడ అప్పుడే మార్చుదురు. చిన్న సీలు కొఱకు మరల యంత్రమును విడదీయుట ఎవరికి ఇష్టము? కలుపునపుడు పాత ఇరుసుముక్కనో, త్రాసిన కొయ్యకడ్డీనో దూర్చి పళ్లెమును నడుమకు సరిచూతురు. ఇరుసు పండ్లు కుదరనిచో బోల్టులతో బలవంతముగా లాగరు. ఇంజనును చేతితో కొంచెము త్రిప్పి, అవి తమంత తాము కలియువరకు ఓపికపట్టుదురు.

ఈ కథ మనకు దూరమైనది కాదు. 1960 దశకారంభమున మద్రాసులో మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరుల తయారీ మొదలైనది. ఆ వంశపు యంత్రములు తెలుగునేలపై నల్లరేగడిని, దమ్ము మడులను దున్నినవి. దున్నకాలమున క్లచ్చి జారినచో పోవునది పళ్లెము వెల మాత్రమే కాదు, పదునుగల దినములు గూడ. నడుపువాడు పెడలుపై ఊరక పాదము మోపి యుంచకున్నచో ఆ దినము చాలకాలము వాయిదా పడును.

చట్రమును తీసివేసినందులకు ఫోర్డును నిందింపజాలము. అది లేకున్న చాలమంది రైతులకు ట్రాక్టరే లేదు. కాని కర్మాగారమున మిగిలిన ఖర్చు లోకమునుండి మాయము కాలేదని మా అభిప్రాయము. అది మరమ్మతు కొట్టములోని మనిషి నడుమునకు, చేతులకు బదిలీ అయినది. యంత్రము చౌకగా దొరికినదని సంతోషించునపుడు, ఆ తగ్గిన ధరలో కొంత భాగమును దశాబ్దముల తరబడి చెల్లించుచున్న ఆ మనిషిని గూడ మనము లెక్కలో చేర్చుకొనవలెను.