మైకు పుట్టుపూర్వోత్తరములు



నేను ముప్పది సంవత్సరములకు మించి పల్లె బడులలో తెలుగు చెప్పితిని. నా చదువు కావ్యములు, వ్యాకరణము, కొంత తర్కము. కాని సామాన్యశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన నాడు ఆ తరగతియు నా మీదనే పడుచుండెడిది. అట్టి నాడొక పిల్లవాడు లేచి, “అయ్యా, మైకులో ఏముండును?” అని అడిగెను. “అయస్కాంతముండును. దానిని చుట్టుకొని తీగెచుట్ట యుండును. మాట తగిలి చుట్ట కదలిన విద్యుత్తు పుట్టును” అని చెప్పి వానిని కూర్చుండబెట్టితిని. అది అబద్ధము కాదు. సభలలో చేతబట్టుకొని మాట్లాడు మైకులు పెక్కు అట్టివే. కాని మైకులన్నియు అట్టివే యని నేను నమ్మి, ఆ తరువాత ఎన్ని తరగతుల పిల్లలనో నమ్మించితిని.

పెద్ద అంబర్‌పేట్‌లో మా యిల్లు విజయవాడ పోవు రహదారికి పిలుపు దూరమున నున్నది. ఇంజనీరింగు చదువుచున్న మా మనుమడు ఒకనాడు పాడైన సెల్‌ఫోను నొకదానిని విప్పి, నువ్వుగింజ కంటె కొంచెము పెద్దదైన ముక్కను గోటిమీద పెట్టి చూపెను. “తాతా, ఇదే దీని మైకు. దీనిలో అయస్కాంతము లేదు. కండెన్సరు మైకు” అనెను. మరి ఏమున్నదని అడిగితిని. “ఒక పొర, ఒక పలక, నడుమ గాలి” అనెను. గాలి మాటను పట్టుట యెట్లు? వాడు చెప్పినది నాకు తలకెక్కలేదు. “చెప్పిన తెలియదు తాతా, చేసి చూతము” అనెను. ఆ వేసవిలో మేమిద్దరము చేసిన పనియు, దాని వెంట నేను చదివి తెలిసికొన్న చరిత్రయు నేటి ప్రసంగమునకు విషయము.

శబ్దము ఆకాశగుణమని మన నైయాయికులు చెప్పిరి. అది పుట్టినచోటి నుండి చెవికి వచ్చుటను రెండు ఉపమానములతో వివరించిరి. చెరువున రాయి పడిన అలవెంట అల పుట్టునట్లనుట వీచీతరంగన్యాయము. కదంబపు మొగ్గ నలుదిక్కుల ఒక్కసారి విచ్చినట్లనుట కదంబముకుళన్యాయము. ఆకాశము మాట యెట్లున్నను, అల యనుట నేటి శాస్త్రమునకును సమ్మతమే. ఆ అల గాలిని నొక్కుచు వదలుచు వచ్చును. ఎంత నొక్కును? మనము ఎదురెదుర కూర్చుండి మాట్లాడుకొనునప్పుడు కలుగు మార్పు, మనచుట్టునున్న గాలి ఒత్తిడిలో సుమారు 10 లక్షలలో ఒక వంతు. ఇంత స్వల్పమైన దానిని విద్యుత్తుగా మార్చుటయే మైకు పని.

1876లో అమెరికాలో గ్రాహం బెల్ టెలిఫోనును కనిపెట్టెను. ఆయన యంత్రమున మాట వినబడెను గాని మిక్కిలి బలహీనము. మరుసటి ఏడాది నుండి ఎడిసన్, బెర్లినర్ మొదలగువారు వేరొక దారి త్రొక్కిరి. బొగ్గును ఒక చిన్న డబ్బీలో నుంచి, దాని మీద రేకు నమర్చి, మాట ఆ రేకును నొక్కినప్పుడు బొగ్గు గుండ విద్యుత్తు ఎక్కువతక్కువలుగా పారునట్లు చేసిరి. 1878లో ఇంగ్లండున డేవిడ్ హ్యూస్ తన పరికరమునకు మైక్రోఫోనను పేరు పెట్టెను. సూక్ష్మదర్శిని కంటికెట్లో ఇది చెవికట్లని భావము. పోస్టాఫీసులలో నుండెడి నల్లని బరువైన టెలిఫోను మీకు జ్ఞప్తిలో నుండును. మాట మందగించినప్పుడు దానిని బల్లకు తట్టి మరల మాట్లాడెడివారము. ఎందుకు తట్టుదుమో మనకు తెలియదు. లోపలి బొగ్గునలుసులు గడ్డకట్టినవి తట్టినచో విడిపోవును, అదియే కారణము.

బొగ్గుమైకు గట్టిగా పలుకును గాని నిజము పలుకదు. ఒక స్వరమును పెంచును, ఒక స్వరమును మ్రింగును, ఎల్లప్పుడు ఇసుక రాలినట్లు సన్నని చప్పుడు చేయుచుండును. ఫోనులో బంధువు గొంతు పోల్చుటకు అది చాలును. శబ్దమును కొలుచుటకు చాలదు. 1915 జనవరిలో న్యూయార్కు నుండి సాన్‌ఫ్రాన్సిస్కో వరకు, అనగా ఆ ఖండము ఈ కొస నుండి ఆ కొసకు, టెలిఫోను తీగె మీద మాట్లాడిరి. అంత దూరము మాటను మోయవలెనన్న, దారిలో అది ఎక్కడ ఎంత చెడుచున్నదో కొలిచి చూడవలెను. ఆ కొలతకు తగిన పరికరము లేదు. వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేయుచుండిన ఎడ్వర్డ్ వెంటి అను యువకుడు 1916లో ఆ లోటు తీర్చెను; 1917లో ఆ విషయము పత్రికలో ప్రకటించెను. అదే కండెన్సరు మైకు. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆశ్చర్యము కలిగినది. నేడు ప్రపంచమంతయు మాట్లాడుటకు వాడు వస్తువు, మాట్లాడుట కొరకు కాక, త్రాసు వలె తూచుట కొరకు పుట్టినది.

కండెన్సరనగా నేమో చెప్పవలెను. 1745, 1746 సంవత్సరములలో ఐరోపాలో ఒక గాజుజాడీకి లోపల బయట లోహము తగిలించి, దానిలో విద్యుత్తును నిలువ చేయవచ్చునని కనుగొనిరి. హాలెండులోని లైడెను పట్టణమున ముస్షెన్‌బ్రూక్ అను ఆచార్యుడు ఆ జాడీని తాకి గట్టి దెబ్బ తినెను. ఆ పట్టణము పేరనే దానికి లైడెను జాడీ యని పేరు వచ్చినది. ఒకదానికొకటి తగులక దగ్గరగా నున్న రెండు లోహపు పలకలు విద్యుత్తునకు గిన్నె వంటివి. పలకలు దగ్గరైనచో గిన్నె వెడల్పగును, దూరమైనచో ఇరుకగును. గిన్నెలో ఉన్న నీరు అంతే యుండగా గిన్నె మాత్రము వెడల్పైన, నీటిమట్టము దిగును. ఇరుకైన మట్టమెక్కును. రెండు పలకలలో నొకదానిని పలుచని పొరగా చేసి దాని ముందర మాట్లాడిన, పొర లోనికి పోయి వెలుపలికి వచ్చుచుండును. మట్టము దిగుచు ఎక్కుచుండును. ఆ మట్టమునే వోల్టులందురు. ఇంతే రహస్యము. దీనిలో మాటకు అడ్డుపడు బొగ్గు లేదు, బరువైన తీగెచుట్ట లేదు.

వెంటి సన్నని ఉక్కురేకును, ఇక లాగిన తెగునన్నంత బిగువుగా లాగి, వెనుకపలకకు అంగుళములో సుమారు వేయవ వంతు ఎడముగా నిలిపెను. సుమారు 320 వోల్టుల విద్యుత్తును దానికి పట్టించెను. మాకు ఉక్కురేకు దొరకలేదు, అన్ని వోల్టులతో ఆడుకొనుటకు ధైర్యమును లేదు. బహుమతుల పొట్లములకు చుట్టు మెరుపు కాగితము కొంటిమి. పేరు కాగితమే గాని అది వెండిపూత గల ప్లాస్టికు పొర. 25 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ల నొకదానిని నున్నగా అరగదీసి, వెనుకనున్న గాలి తప్పుకొనుటకు దానికి సన్నని బెజ్జములు వేయించితిమి. పొరకు పలకకు నడుమ ఎడము కొరకు, మిల్లీమీటరులో పదవ వంతు మందము గల ప్లాస్టికు పత్రమును కంకణము వలె కత్తిరించి పెట్టితిమి. 9 వోల్టుల బాటరీలు 6 వరుసగా కలిపి 54 వోల్టులు చేసితిమి. మిగిలిన సామానులకు కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయితిమి. ఆ సందులో నేలకు దిగని నిలువెత్తు వస్తువు లేదు, అన్నియు చిటికెన వ్రేలంతవే. నావంటివానికి చత్వారము అద్దములు కూడ చాలవు.

మొదటిసారి బాటరీ తగిలించినప్పుడు ఏ శబ్దమును రాలేదు. విప్పి చూడగా పొర పోయి పలకకు అంటుకొని యున్నది. విద్యుత్తు పొరను తనవైపు లాగికొనునని నాకు తట్టలేదు. వెంటి ఉక్కును ఎందుకంత బిగువుగా లాగెనో అప్పుడు తెలిసినది. మద్దెలకు మూత బిగించుట నేను చిన్ననాడు చూచితిని. చుట్టును కొంచెము కొంచెముగా, ఎదురెదురుగా లాగవలెను. ఒక పక్కనే లాగిన ముడుత పడును. ఆ తీరున బిగించితిమి. రెండవసారి శబ్దము వచ్చినది గాని అది మా మాట కాదు, ఇంటిలోని కరెంటు తీగెల జుమ్మను రొద. మైకు నంతను కాఫీపొడి రేకుడబ్బాలో పెట్టి, డబ్బాను నేలతీగెకు కలిపితిమి. రొద అణగినది. 

ఇంకొక చిక్కు కలదు. మేము చేసిన గిన్నె మిక్కిలి చిన్నది. దాని నుండి ఒక అడుగు తీగె లాగినను, ఆ తీగెయే మరియొక గిన్నెయై సగము పంచుకొనును. కావున మట్టమును చూచి చెప్పు కావలివానిని పొర ప్రక్కనే కూర్చుండబెట్టవలెను. వాడు నీరు త్రాగరాదు, చూచి చెప్పవలెను అంతే. నేడు ఆ పనిని మూడు కాళ్ల చిన్న ట్రాన్సిస్టరు చేయును. ఆ రోజులలో గాజు వాల్వు చేసెడిది. 1928లో బెర్లినులో గియోర్గ్ నోయ్‌మన్ తయారుచేసిన మైకు పెద్ద సీసా వలె నుండుటకు, దానిని సీసా యనియే పిలుచుటకు కారణమిదియే. సీసాలో నున్నది వాల్వు, మైకు పైనున్న తలలో మాత్రమే. వాల్వు బాగుపడక పూర్వము ఈ మైకు తలపునకు వచ్చినను పనికి రాకుండెడిది.

మూడవ దినము సాయంకాలము చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని నేను పలికితిని. నా గొంతు నాకు వినబడినది. ‘ప’ అన్నప్పుడు మెల్లగా నున్నది, ‘ఫ’ అన్నప్పుడు ఫట్టుమని పేలినది. ‘బ’కు ‘భ’కు కూడ అంతే. వర్గాక్షరములలో అల్పప్రాణములకును మహాప్రాణములకును గల భేదమును నేను జన్మమంతయు నల్లబల్ల మీద చెప్పితిని. పిల్లలు ‘భాష’ను ‘బాష’ యనుచునే పోయిరి. ఆ రేకుడబ్బా ఒక క్షణములో పట్టి చూపినది. బడిలో నున్న నాడు ఇది నాకు దొరకకపోయెను గదా యనిపించినది. వర్షాకాలము రాగా మైకు మూగవోయెను. తడిగాలికి విద్యుత్తు కారిపోవుచున్నదట. వెలుతురున ఎండబెట్టగా మరల పలికినది.

బాటరీల బెడద తీర్చినవారు ఇద్దరు. 1962లో బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్‌లర్, జేమ్స్ వెస్ట్ అనువారు, పట్టించిన విద్యుత్తును ఏండ్ల తరబడి తనలో నిలుపుకొను ప్లాస్టికు పొరతో మైకును చేసిరి. వెస్ట్ నల్లజాతివాడు, వర్జీనియాలో జన్మించినవాడు. ఆ మైకు చవుక యగుటచే టేపురికార్డరులలోనికి, ఫోనులలోనికి వ్యాపించినది. మా మనుమడు గోటిమీద చూపినది దాని తరువాతి సంతతి. సిలికాను మీద చెక్కినది. పొర, పలక, నడుమ గాలి మాత్రము మారలేదు.

ఇక మన ప్రాంతపు ముచ్చట. మదరాసులో 1924లోనే రేడియో క్లబ్బు ప్రసారములు చేసెను. ఆకాశవాణి కేంద్రము అచ్చట 1938 జూన్ 16న, విజయవాడలో 1948 డిసెంబరు 1న వెలసినవి. హైదరాబాదులో చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అను ఆయన సొంతముగా ఆరంభించిన కేంద్రమును నిజాము ప్రభుత్వము తీసికొనగా, 1935 ఫిబ్రవరి 3న దక్కను రేడియో 200 వాట్ల శక్తితో పలికెను. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడములు దానిలో వినబడుచుండెను. తరువాత ప్రసారయంత్రమును మాకు దగ్గరనున్న సరూర్‌నగరమున నెలకొల్పిరి. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసెను.

1948 సెప్టెంబరు 13న భారతసేన హైదరాబాదు రాజ్యములో ప్రవేశించినది. ఒక దళము విజయవాడ వైపు నుండి ఈ దారినే వచ్చుచుండెను. మా నాయనగారు అప్పటికి పదునాలుగేండ్ల వారు. రజాకార్ల భయమున ఇంటివారందరు గిన్నెలు మూటగట్టుకొని దూరపు తోటలో దాగియుండిరట. 17వ తేది సాయంకాలము నిజాము తానే రేడియో కేంద్రమునకు పోయి, మైకు ముందర కూర్చుండి, యుద్ధము నిలిపితిననియు రజాకార్ల సంస్థను నిషేధించితిననియు చెప్పెను. అంతకు ముందు ఆయన రేడియోలో మాట్లాడి యెరుగడు. రేడియో గల ఇంటి నుండి వచ్చిన మనిషి ఆ మాట తోటలో చెప్పగా, వెంటనే ఇండ్లకు పోవుదమని కొందరు, పోరాదని కొందరు వాదులాడుకొనిరట. “అది నిజాము గొంతేయని నీకెట్లు తెలిసినది? ఎప్పుడైన వింటివా?” అని మా తాతగారు అడిగెనట. ఆ మనిషి జవాబు చెప్పలేకపోయెను. ఎంత నిజము పలుకు మైకైనను, ముందొకసారి విననివారికి గొంతు ఆనవాలు కాజాలదు. ఆ రాత్రి కూడ వారు తోటలోనే పండుకొనిరి. మరునాడు, 18న, హైదరాబాదు సేనాధిపతి ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయెను. ఆ వార్త దారిని వచ్చిన తెలిసినవారి నోట విన్న తరువాతనే మా తాతగారు ఇల్లు చేరిరట.

మైకును గురించి నన్నడిగిన పిల్లవాడు ఇప్పుడు నడివయస్కుడై హయత్‌నగరములో దుకాణము నడుపుకొనుచున్నాడు. మొన్న కాఫీడబ్బాను సంచిలో వేసికొని పోయి, అతని ముందర విప్పి, పొరను పలకను చూపి, అంతయు వివరించితిని. ఓపికతో విని, “అయ్యా, అప్పుడు అయస్కాంతమని చెప్పితిరి గదా” అనెను. జ్ఞాపకముంచుకొన్నాడు. తప్పు నాదేనని చెప్పితిని. అతడు దుకాణములో నున్న కుర్రవానిని పిలిచి, “ఇటు రా, దీనిలో మాట్లాడి చూడు” అని డబ్బాను వాని చేతికిచ్చెను.