కత్తిపీటకు, వంటింటి కత్తులకు పట్టిన తుప్పు వదిలించడం ఎలా?

తల్లిదండ్రులకు, విద్యార్థులకు

మన ఇళ్లలో చాలావాటిలో రెండు రకాల కత్తులు ఉంటాయి. ఒకటి పెద్దవాళ్ల నాటి ఇనుప కత్తిపీట, రెండోది బజారులో కొన్న స్టీలు చాకు. కత్తిపీటను కొందరు ఈలపీట అంటారు. మన ఇరుగుపొరుగువాళ్లకూ ఇది తెలిసిన వస్తువే: కన్నడంలో ఈళిగె మణె, తమిళంలో అరివాళ్‌మణై, ఒడియాలో పనికి, మరాఠీలో విళీ. తుప్పు పట్టిందని దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి వేసేసే ముందు ఈ కింది విషయాలు చదవండి. పైపైన పట్టిన తుప్పయితే ఇంట్లో వస్తువులతోనే పోతుంది.

తుప్పు ఎందుకు పడుతుంది?

ఇనుముకు గాలిలోని ఆక్సిజన్, తడి రెండూ తగిలితే తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే ఇంకా త్వరగా పడుతుంది. అందుకే యానాం, చెన్నై లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో, వానాకాలంలో ఈ బెడద ఎక్కువ.

స్టీలు చాకులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది పైన కంటికి కనిపించని పొరలా ఏర్పడి ఇనుమును కాపాడుతుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ ఇలాంటి ఉక్కును తయారుచేశాక చాకులకు అది బాగా వాడుకలోకి వచ్చింది. అయినా అది ‘తుప్పే పట్టని’ ఉక్కు కాదు. తడిగా వదిలేసినా, ఉప్పునీళ్లలో నానబెట్టినా, బ్లీచింగ్ తగిలినా చుక్కలు చుక్కలుగా మరకలు వస్తాయి.

నల్ల మరక, తుప్పు ఒకటి కాదు

మామిడికాయ, ఉల్లిపాయ, అరటికాయ తరిగితే ఇనుప కత్తి నల్లగా, కొంచెం నీలంగా మారుతుంది. చేత్తో రాస్తే రాలదు. దీనివల్ల నష్టం లేదు, తుప్పును కొంత ఆపుతుంది కూడా. ఎర్రగా, గోధుమ రంగులో ఉండి గుడ్డకు అంటుకునేది తుప్పు. వదిలించాల్సింది దాన్నే.

వదిలించే పద్ధతి (పెద్దవాళ్లు చెయ్యాలి)

1. కత్తిని సబ్బుతో కడిగి తుడవండి.
2. ఇనుప కత్తికి చిక్కటి చింతపండు గుజ్జులో కొంచెం ఉప్పు కలిపి మరకల మీద పట్టించండి. స్టీలు చాకుకు నిమ్మరసం గాని వెనిగర్ గాని సరిపోతుంది. వీటిలోని ఆమ్లం తుప్పును కరిగిస్తుంది.
3. పది నిమిషాలు ఆగండి. రాత్రంతా నానబెట్టకండి. ఆమ్లం తుప్పుతో ఆగదు, మంచి ఇనుమునూ తినేస్తుంది.
4. చాకును తడిగుడ్డ పరిచిన బల్ల మీద పడుకోబెట్టి, మందంగా మడిచిన కొబ్బరి పీచుతో వీపు వైపు నుంచి వాదర వైపు రుద్దండి. వాదర వెంబడి వేళ్లు పోనివ్వకండి. కత్తిపీటనైతే కదలకుండా గట్టిగా తొక్కిపెట్టి, ఒక్కో పక్కా విడిగా రుద్దండి.
5. వంట సోడా కలిపిన నీళ్లతో కడగండి. మిగిలిన పులుపు విరిగిపోతుంది. తర్వాత మంచినీళ్లతో కడగండి.
6. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి, రెండు చుక్కల కొబ్బరి నూనె పలచగా రాయండి.

మరక పోకపోతే మళ్లీ ఒకసారి చెయ్యండి. స్టీలు చాకుకు ఇనుప పీచు వాడకండి, గీతలు పడతాయి, ఇనుప రవ్వలు అంటుకుని అవే తుప్పు పడతాయి. గుంటలు పడిన కత్తిని సానబట్టేవాళ్లకు ఇవ్వండి. కత్తిపీట చీల వదులైనా, రేకు పొరలు పొరలుగా లేస్తున్నా ఇక వాడొద్దు. పారేసేటప్పుడు అట్టలో చుట్టి టేపు వెయ్యండి, చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగకూడదు.

తుప్పు కత్తి తెగితే ధనుర్వాతం వస్తుందా?

ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. మట్టిలో, పేడలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా గాయంలోకి చేరితే వస్తుంది. అంటే తళతళలాడే కత్తి అయినా మట్టి అంటితే ప్రమాదమే. తెగితే ముందు ధారగా పారే నీళ్లలో సబ్బుతో కడగాలి. పసుపు, కాఫీపొడి అద్దకండి. గాయం లోతుగా ఉన్నా, మురికి అంటినా డాక్టరుకు చూపించి, చివరి టీకా ఎప్పుడు వేయించారో చెప్పండి. ప్రభుత్వ టీకాల పట్టిక ప్రకారం పిల్లలకు 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ టీకా వెయ్యాలి. మీ పిల్లల టీకా కార్డు ఒకసారి తీసి చూడండి.

మళ్లీ పట్టకుండా

• వాడిన వెంటనే కడిగి తుడవాలి. సింకులో వదిలెయ్యకూడదు.
• తడి గిన్నెల బుట్టలో, ఉప్పు డబ్బా పక్కన పెట్టకూడదు.
• అరుదుగా వాడే కత్తికి నెలకోసారి నూనె రాసి, పొడి కాగితంలో చుట్టి పిల్లలకు అందని చోట పెట్టాలి.

పిల్లలూ, కత్తి జోలికి పోకుండానే ఇదంతా మీరు చూడొచ్చు. మూడు ఇనుప మేకులు తీసుకోండి. ఒకటి పొడి సీసాలో, ఒకటి కొంచెం నీళ్లలో, ఒకటి ఉప్పునీళ్లలో సగం మునిగేలా పెట్టండి. రోజూ చూసి, ఏది ముందు ఎర్రబడిందో నోటుబుక్కులో తెలుగులో రాసుకోండి.