గచ్చిబౌలి పాఠాలు, 6వ భాగం: మ్యాపులో తెల్లగా వదిలేసిన చోటు



రెండేళ్ల కింద గచ్చిబౌలిలో ఒక సమావేశానికి పోయాను. నగరాలకు వచ్చే విపత్తుల గురించి చర్చ. తెర మీద హైదరాబాద్ మ్యాపు వేశారు. ప్రమాదం ఎక్కువున్న చోట ఎరుపు, మధ్యస్థంగా ఉంటే పసుపు, లేకుంటే ఆకుపచ్చ. నేను నాకు తెలిసిన ఒక చోటు కోసం వెతికాను. నానక్‌రామ్‌గూడ వైపు, కడుతున్న ఒక టవర్ వెనకాల కూలీల రేకుల షెడ్లు. అక్కడ ఏ రంగూ లేదు, తెల్లగా ఉంది. ఎందుకని అడిగితే మ్యాపు చూపిస్తున్నాయన మర్యాదగానే చెప్పాడు: "అది నిర్మాణంలో ఉన్న ప్లాటు సార్, నివాస జనాభా కింద రాదు."

అంతకు ముందు వారమే ఆ షెడ్లలో ఒక చెల్లెలు నాకు చాయ్ పోసింది. ఆమె బిడ్డ అక్కడే నడక నేర్చుకుంది.

ప్రమాదాన్ని అంచనా వేసేవాళ్లు మూడు సంగతులు చూస్తారు. ఆపద ఏమిటి, దాని దారిలో ఎవరున్నారు, వాళ్లు తట్టుకోగలరా. వాన అందరి మీదా ఒక్కతీరుగానే పడొచ్చు. తక్కిన రెండూ అట్లా కాదు. దారిలో ఎవరున్నారన్నది ఆకాశం తేల్చే విషయం కాదు, దాని వెనక చరిత్ర ఉంది.

ఈ నగరంలో ఆ చరిత్ర 1908 సెప్టెంబర్ 28 నుంచి మొదలుపెట్టాలి. ఆ రోజు మూసీ పొంగి సుమారు 15,000 మంది పోయారని చెబుతారు. కోల్సావాడి, ఘాన్సీ బజార్ లాంటి నది ఒడ్డు పేటలు కొట్టుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారన్న కథ మీరందరూ విన్నదే. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నది ఒక్కదాన్నే చూడలేదు, ఎగువకు పోయి చెరువులు లెక్కపెట్టించాడు. పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడి దాన్నీ తెంచాయి. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటివల్ల నగరం నిలబడ్డ మాట నిజం. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా వచ్చింది. రోడ్లు వెడల్పయ్యాయి, ఇరుకు బస్తీలు లేచిపోయాయి. వరద పేరు మీద, రోగం పేరు మీద పేదవాణ్ణి కదిలించడం ఈ ఊరికి కొత్త కాదు.

చెరువు అన్నాక నీరటి గురించి చెప్పాలి. మా పెద్దనాయిన మెదక్ జిల్లాలో మా ఊరి నీరటి. చదువుకుంటున్న తమ్ముళ్లు చాలామంది ఈ మాట విని ఉండరు. తూము తెరిచి మూసేవాడు, పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు వదిలేవాడు నీరటి. తెలంగాణ పల్లెల్లో ఈ పని ఎక్కువగా మాల, మాదిగ ఇండ్లకే తరతరాలుగా వచ్చేది. వానాకాలం రాత్రులు కందిలి పట్టుకొని కట్ట మీద తిరిగేది ఆయనే. కట్టకు బుంగ పడితే ముందు కనిపెట్టేదీ ఆయనే. "మత్తడి దుంకుతుందంటే కింద గుడిసెలోళ్లను లేపాలె బిడ్డా, తెల్లారేదాకా ఆగొద్దు" అనేవాడు. ఆ గుడిసెలు మావే. చెరువును కాపాడేవాని ఇల్లు పల్లంలో, ఆ నీళ్లతో పంట తీసేవాని ఇల్లు మెరక మీద. ఊరి అంచన వెలివాడ ఎక్కడ ఉందో చూస్తే వరద ముందు ఎక్కడికి వస్తుందో చాలా ఊళ్లలో తెలిసిపోతుంది.

ఇక్కడి ఊళ్లూ ఒకప్పుడు అట్లాంటివే. రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, ఖాజాగూడ, గోపన్‌పల్లి. బండరాళ్ల గుట్టలు, వాటి మధ్య కుంటలు, పశువులు మేసే కంచలు. 1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. ఆ తర్వాత గుట్టలు పేల్చి సెల్లార్లు తవ్వారు. శిఖం భూమికి ధర వచ్చింది, మత్తడి కాలువ ఎక్కడుందో చెప్పేవాని మాటకు లేకుండా పోయింది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు విద్యార్థులు ఎందుకు అడ్డం నిలబడ్డారో ఈ వరసలో చూడండి.

ఇప్పుడు నానక్‌రామ్‌గూడ. 2016 డిసెంబర్ 8 రాత్రి అక్కడ కడుతున్న ఏడంతస్తుల భవనం కూలింది. 11 మంది చనిపోయారు. విజయనగరం జిల్లా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీల కుటుంబాలు. పగలు కట్టిన భవనంలోనే రాత్రి పడుకున్నారు. ఆ రాత్రి భూకంపం లేదు, హైదరాబాద్ భూకంప ప్రమాదం అతి తక్కువున్న రెండో జోన్‌లో ఉంది. తుపాను లేదు. అధికారులను సస్పెండ్ చేశారు, యజమానిని అరెస్టు చేశారు. నన్ను తొలిచేది ఇంకొక ప్రశ్న. ఆ 11 మంది అక్కడెందుకు పడుకున్నారు? వలస కార్మికులకు తగిన వసతి చూపాలని అప్పటి 1979 చట్టం చెప్పేది. నిర్మాణ కార్మికులకు పని చోట తాత్కాలిక నివాసం ఇవ్వాలని అప్పటి 1996 చట్టం చెప్పేది. 2016లో రెండూ అమల్లోనే ఉన్నాయి. చనిపోయినవాళ్లంతా దళితులని నేను అనడం లేదు. భూమి లేనివాడే కడుతున్న ఇంట్లో పడుకుంటాడని, మన దేశంలో ఎవరికి భూమి లేదన్నది కులంతోనే తేలుతుందని అంటున్నాను.

2024 మే 7 సాయంత్రం బాచుపల్లిలో వాన పడింది. అపార్ట్‌మెంట్ ప్రహరీ కూలీల షెడ్ల మీద పడి ఏడుగురు పోయారు, అందులో చిన్న పిల్లవాడు కూడా. ఆ వానకు నగరంలో చాలామందికి ట్రాఫిక్ జామ్ మాత్రమే గుర్తుంది. అదే ఏడాది నవంబర్‌లో గచ్చిబౌలి సిద్ధిఖ్ నగర్‌లో పక్క ప్లాటులో పునాది తవ్వితే నాలుగంతస్తుల భవనం ఒరిగింది. జనం బయటికి ఉరికారు, తర్వాత దాన్ని కూల్చేశారు. చిన్న జాగాల్లో నిట్టనిలువుగా లేచిన ఇండ్లవి. ఐటీ ఆఫీసులను ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, డెలివరీ పిల్లలు అద్దెకుండేది ఇట్లాంటి గల్లీల్లోనే. తెల్లారి డ్యూటీకి దగ్గరగా వేరే చోటు దొరకదు.

సరే, అయితే అందరినీ మ్యాపులో ఎక్కించమందామా? ఇక్కడ నాకు భయం ఉంది. 2024 ఆగస్టులో తమ్మిడికుంట దగ్గర ఒక సినిమా నటుడి కన్వెన్షన్ హాలును హైడ్రా కూల్చినప్పుడు నేనూ సంతోషపడ్డాను. నెల తిరిగేసరికి మూసీ ఒడ్డున కూలీనాలీ చేసుకునేవాళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని గుర్తులు వచ్చాయి. చాదర్‌ఘాట్‌లో ఒక అమ్మ "మమ్మల్ని నీళ్ల నుంచి కాపాడతమంటున్రు, ఇల్లు మాత్రం వాళ్లే కూలగొడ్తరట" అంది. మ్యాపులో లేకపోతే చచ్చాక కనిపిస్తాం, ఉంటే ఖాళీ చేయమంటారు. అందుకే లెక్క మనమే తీయాలి, తీసిన లెక్క మన దగ్గరే ఉండాలి.

వచ్చే ఆదివారం రాత్రి పదిన్నరకు గచ్చిబౌలి స్టేడియం ముందు కలుద్దాం. పగలు పోతే లాభం లేదు, ఎవరు ఎక్కడ పడుకుంటారో రాత్రే తెలుస్తుంది. సెల్లార్లు, వాచ్‌మన్ గదులు, షెడ్లు, కడుతున్న అంతస్తులు. పక్కన ప్రహరీ ఎంత ఎత్తు, వెనక గుంత ఎంత లోతు, వాన నీళ్లు ఎటు పోతాయి, రాత్రి లేపడానికి ఎవరున్నారు అని అడగాలి. నోట్‌బుక్, టార్చ్ తెచ్చుకోండి. ఫొటోలు తీయొద్దు. పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోవద్దు. ఆ కాగితం మేస్త్రీ చేతిలో పడితే ఒకరి కూలి పోతుంది, ఆఫీసు చేతిలో పడితే ఒక వరస షెడ్లు పోతాయి. ఒడియా, హిందీ వచ్చినవాళ్లు ముందుగా చెప్పండి, గుంపుకొక్కరు కావాలి. ఏడో భాగం ఆ రాత్రి చూసింది రాస్తాను.